కీళ్ళవాతపు మందు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

కీళ్ళవాతముతో చేతివ్రేళ్ళు ముడుచుకొనలేక బాధపడు రోగికి ధర్మపురిలోనైనను, లండనులోనైనను నేటి వైద్యులు సాధారణముగా మొదట వ్రాయు మందు ఒక్కటే. అది పసుపుపచ్చని చిన్న మాత్ర. దాని పేరు మెథోట్రెక్సేట్. వారమునకు ఒక్కనాడు మాత్రమే దానిని పుచ్చుకొనవలెను. ఆ మందు పుట్టిన పరిశోధనశాలకు అధిపతిగా నుండినవారు ఒక తెలుగువారు. ఆయన గోదావరీ ప్రాంతమున పుట్టి, మనవలెనే తమిళదేశమున చదువుకొని, అమెరికాలో మరణించిరి. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. విచిత్రమేమనగా, కీళ్ళవాతము ఆయన పరిశోధించిన వ్యాధి కాదు. తమ ప్రయోగశాలలో తయారైన పదార్థము ఆ వ్యాధికి పనికివచ్చునని తెలియకయే ఆయన కన్నుమూసిరి.

ఆయన చరిత్రను చెప్పుటకు ముందు ఈ వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనవలెను. మన పల్లెలలో ఏ కీలు నొప్పిపెట్టినను వాతమనియే అందురు. వయస్సు మీరినవారికి మోకాళ్ళు అరిగి వచ్చు నొప్పి వేరు, ఇది వేరు. శరీరమును శత్రువులనుండి కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి తన కీళ్ళ లోపలి పొరపై దాడి చేయుట ఈ వ్యాధి స్వభావము. రెండు చేతుల మణికట్టులును, వ్రేళ్ళ మొదళ్ళును ఒకే రీతిగా వాచును. ఉదయమున నిద్ర లేచినప్పుడు గంటసేపో అంతకంటె ఎక్కువసేపో చేతులు బిగిసికొనిపోయి, చెంబు పట్టుకొనుటకైనను రాదు. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడింతలు ఎక్కువగా వచ్చును. పడుచువయస్సులో నున్నవారినైనను విడువదు. తగిన చికిత్స లేనిచో కొన్ని సంవత్సరములలో ఎముక కొరుకబడి వ్రేళ్ళు ఒక ప్రక్కకు ఒరిగిపోవును. ఒరిగిన వ్రేళ్ళను మరల ఏ మందును చక్కజేయలేదు. మన పూర్వులు దీనివంటి రోగమును ఎరుగకపోలేదు. మాధవనిదానమున ఆమవాతమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు.

ధర్మపురి జిల్లాకు ఈ విషయమున మఱియొక చిక్కు కలదు. ఇచ్చటి రాతినేలలోని భూగర్భజలమున అనేక గ్రామములలో ఫ్లోరైడు మితిమీరి యుండుటచే పండ్లు గారపట్టుటయే కాక, ఎముకలు బిరుసెక్కి నడుము, మెడ, కీళ్ళు వంగకుండ పోవుట చిరకాలముగా నున్న బాధ. దానిని తొలగించుటకే హొగెనక్కల్ కావేరీజలమును ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చు పథకము 2013లో ప్రారంభింపబడినది. ఫ్లోరైడు వలన వచ్చిన బిగువునకు మెథోట్రెక్సేట్ పనిచేయదు. కీళ్ళవాతమునకు నీరు మార్చినంత మాత్రమున ఫలము లేదు. రక్తపరీక్ష, ఎక్స్‌రే చిత్రము చూచిన వైద్యుడే ఏది ఏదియో చెప్పగలడు. చింతకాయ కొట్టి గింజ తీయు స్త్రీలకును, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోయువారికిని వ్రేళ్ళే జీవనాధారము. అట్టివారి యింట ఈ భేదమును తెలిసికొనుట పుస్తకపు ముచ్చట కాదు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. పెద్ద కుటుంబము, చిన్న ఆదాయము. బాలుడు చదువునందు ముందుండినవాడు కాడు. పదుమూడేండ్ల వయస్సున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పి, మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి మూడవ పర్యాయము ఉత్తీర్ణులైరి. పరీక్ష తప్పినవారిని చూచి నవ్వు అలవాటు మన తరగతులలో నేటికిని కలదు. వారు ఈ సంగతిని గమనింతురు గాక.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుచు, రామకృష్ణ మఠమున సన్న్యసింపవలెనని ఆయన తలచిరి. తల్లి అంగీకరింపలేదు. సన్న్యాసము దక్కనందున జనసేవకు తగిన మార్గముగా వైద్యవిద్య నెన్నుకొని మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. ధనసహాయము చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ముఖ్యులు. వారి కుమార్తె శేషగిరిగారినే 1919లో సుబ్బారావుగారు వివాహమాడిరి. అవి గాంధీజీ పిలుపు దేశమంతట ప్రతిధ్వనించిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగదికి ఖద్దరు కోటుతో పోయిరి. శస్త్రవైద్యమున ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపైనది. ఆ శాస్త్రమున సుబ్బారావుగారికి తక్కువ గుణములు వచ్చుటచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వవైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. ఒక కోటుగుడ్డ వలన ఆయన జీవితపు దారియే మారినదని చెప్పవచ్చును.

ఆ కాలముననే ఇంట పెనువిపత్తు సంభవించెను. స్ప్రూ అను ఉష్ణదేశపు సంగ్రహణి వ్యాధిచే ఆయన సోదరులిద్దరు కొద్దిదినముల యంతరమున మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, విరేచనములు కట్టక, రక్తము క్షీణించి మనిషి కృశించిపోవుట ఆ రోగలక్షణము. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడిరి. పిదప మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రమున ఉపన్యాసకులైరి. పాశ్చాత్యవైద్యము చదివినవారు ఆయుర్వేద కళాశాలలో బోధించుట అప్పటికి క్రొత్త సంగతియే. అచ్చట ఆయన మనస్సున ఒక ప్రశ్న మెదలుచుండెను. తన సోదరులను పొట్టబెట్టుకొని తనను విడిచిన ఆ రోగమునకు మూలమేమి? దానిని కుదిర్చిన మందులో గుణమిచ్చు పదార్థమేది? దీనికి సమాధానము వెదకుటకు ఆయన అమెరికా పోవలెనని నిశ్చయించుకొనిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థవారును, మామగారును ధనసహాయము చేసిరి.

1920వ దశకపు తొలి సంవత్సరములలో ఆయన బోస్టను నగరము చేరిరి. గర్భవతియైన భార్యను స్వదేశమున విడిచి పోయిరి. పుట్టిన కుమారుడు సంవత్సరమైనను నిండకుండ మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రము చదువుచు, పొట్టకూటికై రాత్రులయందు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని చేసిరి. వైద్యపట్టము పుచ్చుకొని పోయినవారు ఆ పనికి సిగ్గుపడకుండుట చిన్న విషయము కాదు.

అనంతరము హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరిరి. రక్తమునందును మూత్రమునందును ఫాస్ఫరము ఎంత కలదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని వీరిద్దరు 1925లో ప్రకటించిరి. ఫిస్కె సుబ్బారావు పద్ధతి యను పేరుతో అది నేటికిని జీవరసాయనశాస్త్ర విద్యార్థులకు నేర్పబడుచున్నది. ఆ కొలబద్ద చేతికి వచ్చిన పిదప, కండరములలో ఫాస్ఫరము ఏ రూపమున నున్నదో వెదకసాగిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము దొరికెను. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు దొరికెను. జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరము దానిని వేరుగా కనుగొనెను. మనము నడచినను, వ్రాసినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగు శక్తికి ఇదియే చేతిలోని నాణెము వంటిది. అంతకు మునుపు కండరబలమునకు లాక్టికామ్లమే మూలమని నమ్మిన సిద్ధాంతమును శాస్త్రజ్ఞులు వదలుకొనవలసి వచ్చెను. అడినోసిన్ అను ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

ఇంత చేసినను హార్వర్డువారు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. 1940లో ఆయన ఆ విశ్వవిద్యాలయమును విడిచి న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరి, కొలది కాలముననే పరిశోధనలకు అధ్యక్షులైరి. ఫైలేరియా వ్యాధికి నేటికిని వాడుకలోనున్న హెట్రజాన్ మందును, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ మందును ఆయన అధ్యక్షతన పనిచేసిన బృందములు వెలికితెచ్చినవే. వీనిలో ఒక్కొక్కదానిని గూర్చి ఒక్కొక్క వ్యాసము వ్రాయదగినంత సామగ్రి కలదు. మన విషయము వేరుగాన ముందునకు సాగుదము.

మన విషయమునకు మూలము ఫోలికామ్లము. దీని కథ బొంబాయిలో మొదలైనది. గర్భవతులైన మిల్లు కూలీ స్త్రీలకు వచ్చు రక్తహీనత ఈస్టుతో చేసిన ఒక పదార్థము తిన్నచో కుదురుచున్నదని లూసీ విల్స్ అను ఆంగ్లవనిత 1931లో ప్రకటించెను. అందలి గుణకారి యేదియో పెక్కేండ్లు తెలియలేదు. 1941లో పాలకూర జాతి ఆకులనుండి తీయబడిన ఒక పదార్థమునకు, ఆకునకు లాటిను భాషలో గల పేరునుబట్టి ఫోలికామ్లమని పేరు పెట్టిరి. అయితే బండ్లకొలది ఆకుకూరనుండి చిటికెడైనను రాని పదార్థముతో రోగులకు చికిత్స చేయుట యెట్లు? లెడర్లీలో సుబ్బారావుగారి బృందము కాలేయమునుండియు, సూక్ష్మజీవులనుండియు దానిని శుద్ధిచేసి, నిర్మాణమును తెలిసికొని, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసెను. ఆ వస్తువుతో అమెరికాలోని వైద్యులు రక్తహీనతను, స్ప్రూ వ్యాధిని కుదిర్చిరి. తన సోదరులు మరణించిన పెక్కేండ్లకు ఆ రోగమునకు మందు ఆయన చేతనే లోకమునకు లభించెను. ఆయన సముద్రము దాటి పోయినది ఇందుకే గదా!

కథ ఇంతటితో ముగిసినచో కీళ్ళవాతమునకును ఆయనకును సంబంధము లేకుండెడిది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ల్యుకేమియా అను రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేయుచుండెను. ఫోలికామ్ల జాతి పదార్థము లిచ్చినచో ఆ రోగము తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. పెంచు వస్తువు కలదన్నచో దానిని అడ్డగించు వస్తువుతో రోగమును అణచవచ్చును గదా యని తలచి, లెడర్లీ వారి సహాయము కోరెను. ఫోలికామ్లమును తయారుచేయుచున్న రసాయనజ్ఞులు దాని ఆకారమును కొద్దిగా మార్చి, జీవకణము దానినే అసలు ఫోలికామ్లమని భ్రమించి పట్టుకొని పని చెడునట్టి పదార్థములను సృష్టించిరి. దొంగతాళపుచెవి తాళములో దూరును. కాని తిరుగదు, అసలు చెవికి చోటీయదు. వీనిలో ముందుది అమినోప్టెరిన్. దానికి చెల్లెలి వంటిది అమెథోప్టెరిన్; దానికే పిదప మెథోట్రెక్సేట్ అను పేరు వచ్చెను. ఫార్బరు పదునార్గురు పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి చూడగా పదిమందికి వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గెను. ఆ వార్త 1948 జూన్ నెలలో ప్రకటింపబడెను. ల్యుకేమియాను మందుతో తగ్గించుటలో అది తొలిమెట్టు.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి ఆయనకు ఏబదిమూడేండ్లు. భారతీయులు అమెరికా పౌరులగుటకు 1946లో చట్టము వీలు కల్పించినను ఆయన కడవరకు పరదేశిగనే యుండిరి. స్వదేశమునకును మరల రాలేదు. శేషగిరిగారు ఆయనను తిరిగి చూడలేదు. ఘనకార్యముల లెక్కలో ఈ స్త్రీ నష్టమును ఎవ్వరును వ్రాయరు; వ్రాయవలెనని నా యభిప్రాయము.

ఆయన మరణించిన మరుసటి నెలలోనే, 1948 సెప్టెంబరున, అమెరికాలోని మేయో వైద్యశాలలో మంచము పట్టిన ఒక కీళ్ళవాత రోగికి కార్టిసోన్ అను పదార్థమిచ్చిరి. కొన్ని దినములలో ఆమె లేచి నడచెను. లోకము ముక్కుపై వ్రేలు వేసికొనెను. అప్పటి వఱకు ఆస్పిరిను, సువర్ణలవణముల సూదులు తప్ప వైద్యులకు వేరు దిక్కు లేదు. 1950లో కార్టిసోన్ పరిశోధకులకు నోబెల్ బహుమతి వచ్చెను. కాని కొన్ని యేండ్లు వాడునప్పటికి ముఖము ఉబ్బుట, ఎముకలు పెళుసెక్కుట, మధుమేహము మున్నగు కీడులు బయటపడెను. ఆ వెలుగు కన్నులు చెదరగొట్టిన కాలముననే, 1951లో, గబ్నర్ అను వైద్యుడును ఆయన సహచరులును అమినోప్టెరిన్ కొద్ది మోతాదులో ఇచ్చినచో కీళ్ళవాతపు వాపు తగ్గుచున్నదనియు, సోరియాసిస్ అను చర్మవ్యాధియు కుదురుచున్నదనియు ప్రకటించిరి. కీళ్ళవైద్యులు పెక్కురు పట్టించుకొనలేదు. కాన్సరునకు వాడు విషమును కీళ్ళనొప్పికి ఇచ్చుటయా యని వెనుదీసిరి. చర్మవైద్యులు మాత్రము మెథోట్రెక్సేట్‌ను విడువలేదు. కాన్సరు వైద్యులును విడువలేదు. 1956లో అది గర్భసంచికి సంబంధించిన ఒక అరుదైన కాన్సరును పూర్తిగా నయము చేసినట్లు ప్రకటింపబడెను.

ఇట్లు ముప్పదియేండ్లు గడచెను. ఆ ముప్పదియేండ్లలో ఎందరి వ్రేళ్ళు వంకరవోయెనో లెక్క లేదు. ఒక మందు ఉండియు లేనట్లుండుట మందు లేకుండుటకంటె బాధాకరము. 1970వ దశకమునుండి కొందరు వైద్యులు వారమునకొకసారి స్వల్పమోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చి ఫలితములను ప్రకటింపసాగిరి. 1985లో ప్రకటితమైన పరీక్షలలో రోగులకు గాని వైద్యులకు గాని ఏది మందో ఏది ఉత్తమాత్రయో తెలియకుండ ఇచ్చి చూడగా, మందే గెలిచెను. 1988లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ కీళ్ళవాతమునకు దీనిని అంగీకరించెను. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో కాన్సరు క్రిందను, కీళ్ళవాతము క్రిందను కూడ దీని పేరున్నది. దీని తరువాత వచ్చిన సూదిమందులు మిక్కిలి ప్రియమైనవి, మెథోట్రెక్సేట్ చవుక. బీదవారికి ఇది సామాన్యమైన మేలు కాదు.

సత్యమును సత్యముగనే చెప్పవలెను. కీళ్ళవాతమునకు మందును సుబ్బారావుగారు కనిపెట్టిరనుట సరికాదు. ఆ మాత్రను రసాయనముగా కూర్చినవారు ఆయన అధ్యక్షతన నున్న శాస్త్రజ్ఞులు. దానిని కీళ్ళకు వాడి చూచినవారు వేరు వైద్యులు. అయినను ఆ మాత్రలోనికి తొంగిచూచిన కొలది ఆయన జాడయే కనబడును. స్వల్పమోతాదులో ఈ మందు పనిచేయు రీతిని విచారించిన శాస్త్రజ్ఞులు, ఇది కణములకు వెలుపల అడినోసిన్ అను పదార్థమును అధికము చేసి తద్ద్వారా వాపును చల్లార్చుచున్నదని చెప్పుచున్నారు. ఆ అడినోసిన్, సుబ్బారావుగారు ఫిస్కెతో కూడి 1929లో కండరములలో కనుగొన్న పదార్థమున ఒక భాగమే. అంతియే కాదు. మెథోట్రెక్సేట్ వలన నోటిపూత, వికారము మున్నగు బాధలు కలుగకుండుటకు వైద్యులు వేరొకనాడు ఫోలికామ్లపు మాత్రను ఇత్తురు. అడ్డగించు మాత్రయు, ఆ అడ్డువలన కలుగు కీడును తగ్గించు మాత్రయు ఒకే పరిశోధనశాలనుండి వచ్చినవి. రోగి యొక్క చిన్న డబ్బాలో రెండును ప్రక్కప్రక్కనే యుండును.

ఈ మందుతో మెలగవలసిన తీరు కూడ చెప్పవలసియున్నది. మ్రింగిన నాడే నొప్పి పోదు. గుణము కనబడుటకు ఆరునుండి పండ్రెండు వారములు పట్టును. పదిదినములకే విసిగి మానినవారు, నొప్పి నణచు మాత్రలతో కాలము గడుపువారు, కీళ్ళు చెడుచున్నను తెలిసికొనలేరు. ఏలయన ఆ మాత్రలు బాధను కప్పును గాని ఎముక కొరుకుడును ఆపవు. మొదటి నెలలలోనే చికిత్స ప్రారంభించినవారికి కీళ్ళు నిలుచు అవకాశము ఎక్కువ. రక్తకణముల సంఖ్యను, కాలేయపు స్థితిని తెలుపు పరీక్షలు నియమితముగా చేయించవలెను. గర్భిణులకును, గర్భము కోరువారికిని ఇది పనికిరాదు. మద్యము త్రాగువారు మానుకొనవలెను. అన్నిటికంటె పెద్ద ప్రమాదము దినమునకొకటి చొప్పున మ్రింగుట. వారమునకు వ్రాసిన మాత్రలను ప్రతిదినము పుచ్చుకొని రక్తకణములు నశించి ప్రాణము పోగొట్టుకొన్నవారు లోకమున అనేక చోట్ల కలరు.

1995లో సుబ్బారావుగారి శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్ళ వెలువరించినది. ఆయన మెట్రిక్యులేషను చదివిన హిందూ హైస్కూలు తిరువల్లిక్కేణిలో నేటికిని నడచుచున్నది. ధర్మపురిలో ప్రభుత్వ వైద్యకళాశాల 2008లో ఏర్పడినది గనుక మణికట్టులు వాచినవారు సేలమో, బెంగుళూరో పోనక్కరలేకుండ ఇచ్చటనే మొదట చూపించుకొనవచ్చును. మాత్రల అట్టపై పేరు ఇంగ్లీషున నుండును. ఇంటిలోని అవ్వకు తెలుగు తప్ప వేరు లిపి రాకపోవచ్చును. చదువనేర్చిన పిల్లలు ఆ పేరును చదివి, వైద్యుడు చెప్పిన వారము పేరును, ఆదివారమైన ఆదివారమని, గురువారమైన గురువారమని, పెద్ద తెలుగు అక్షరములతో ఒక చీటీపై వ్రాసి ఆ డబ్బాకు అంటింపవచ్చును. ఫోలికామ్లపు మాత్రకు వేరొక చీటీ కావలెను.